గుల్ల పడ్డ నేల

"ఆపు మామా! ఆ మోటరు నువ్వు ఆపుతవా, నన్ను ఆపమంటవా?"

నా అరుపుకు వీధి చివర కుక్క కూడా ఉలిక్కిపడి మొరిగింది. మామయ్య మాత్రం తల తిప్పలేదు. పడకగదిలో గోడవారగా ఒక టైలు పగలగొట్టి, ఆ కంతలోకి నీళ్ళ పైపు దూర్చాడు. పక్కన చతికిలబడి తట్టలోని ఇసుకను పిడికిలి పిడికిలిగా అదే కంతలో వేస్తున్నాడు. నీళ్ళూ ఇసుకా కలిసి గుడగుడమంటూ నేల కిందికి దిగుతున్నాయి. ఆ చప్పుడు వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? వాగు పొంగి ఇంట్లోకొచ్చి, మంచాలు తేల్చి, గోడల మీద మోకాలెత్తున గీత గీసి పోయాక ఈ నేలను ఆరబెట్టడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. డ్యూటీ నుంచి వచ్చి యూనిఫాం కూడా మార్చకుండా గోనెసంచులు పరిచి, తడిసినవి తడిసినట్టు పిండేదాన్ని. ఇంట్లో ఫ్యాన్లు చాలక, పెళ్ళి పందిళ్ళలో పెట్టే పెద్ద ఫ్యాను కిరాయికి తెచ్చాను. తీరా నేల కాస్త పొడిబారిందో లేదో, మామయ్య పైపు పెట్టి మరీ తాగిస్తున్నాడు.

"గుల్ల పడ్డది బిడ్డా. లోపట ఖాళీ అయింది. గుల్లను నింపాలె. బాయిల గిట్లనే నింపుతం. నా సర్వీసంత గదే పని," అన్నాడు తాపీగా.

మణుగూరులో బొగ్గుగనిని బాయి అంటాం. బొగ్గు తవ్విన చోట ఖాళీ మిగిలితే పైకప్పు కూలుతుందని, ఇసుకను నీళ్ళలో కలిపి పైపుల గుండా లోపలికి పంపి నింపుతారు. మా మామయ్య ముత్యాలు రిటైరయ్యేదాకా చేసింది ఆ పనే. ఆయన నింపిన చోట కప్పు కూలిన దాఖలా లేదని పాత కార్మికులు ఇప్పటికీ చెబుతారు. ఆ గొప్ప ఆయనదే, నేను కాదనను. కానీ అది బాయి. ఇది మా పడకగది.

"బాయిల నీళ్ళు తోడెటందుకు పంపులుంటయ్. మనింట్ల ఏడున్నయ్ మామా? గీ నీళ్ళు ఎటు పోవాలె?"

"భూమి తాగుతది."

"వాగు నీళ్ళు తాగి తాగి దాని కడుపు నిండి ఉన్నది. ఇంకేం తాగుతది?"

 ఇంకో పిడికిలి ఇసుక పడింది. నేను వెళ్ళి మోటారు స్విచ్చి కట్టేశాను.

మోటారు చప్పుడు ఆగింది. పైపులో మిగిలిన నీళ్ళు మాత్రం కంతలోకి కారుతున్నాయి. మామయ్య నన్ను చూశాడు. ఆ చూపుకు మా ఆయన వీరేందర్ అయితే ఈపాటికి వీధిలో ఉండేవాడు. నేను బస్సు కండక్టర్ని. సంత రోజున అడవి ఊళ్ళ నుంచి ఎక్కే కోయ ఆడవాళ్ళను, వాళ్ళ గంపలను, కోళ్ళను, తాగి ఎక్కే మగవాళ్ళను కలిపి ఒక్క బస్సులో సర్ది, టికెట్టు కొట్టి, గొడవ లేకుండా దింపే మనిషిని. చూపులకు భయపడితే నాకు ఉద్యోగం ఉంటుందా?

"ఏంటి నాయినా ఇది! సాయంత్రం అమ్మొస్తుంటే ఇల్లు ఇలా చేస్తారా?"

హాల్లోంచి సుజన వదిన. మా ఆయనకు అక్క. ఆంధ్ర సరిహద్దులోని ఎర్రుపాలెంలో ఇచ్చారు. అక్కడి గాలికి ఆమె మాట ఎప్పుడో మెత్తబడింది గానీ మంకుపట్టు మాత్రం పుట్టింటిదే. పొద్దున్నే వచ్చి, మంచం మీద కూర్చుని, మా అత్తమ్మ చీరలు ఒక్కొక్కటే మడతపెట్టి సంచిలో సర్దుతోంది. ఎవరూ సర్దమనలేదు.

"అమ్మను ఇటే కాదు, అటు నుంచి అటే తీసుకెళ్తా. మా ఇంట్లో గచ్చు గట్టిది. వాగు లేదు, వరద లేదు. మీరూ మీరూ ఇక్కడ తవ్వుకోండి," అంది.

"అత్తమ్మ ఈడికే వస్తనన్నది వదినా."

"అమ్మ అంటుంది. రెండోసారి పడితే లేవదని డాక్టరు అన్నాడా లేదా?"

అన్నాడు. నా ముందే అన్నాడు. అత్తమ్మ అనంతమ్మకు తుంటి ఎముక విరిగితే భద్రాచలంలో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. వాకరు పట్టుకుని నాలుగడుగులు వేయిస్తున్నారు. నీళ్ళు పోయి, ఇల్లు కడుక్కుని, అమ్మయ్య అనుకున్న రోజుల్లోనే పడింది ఆమె. హాల్లో కిటికీ పక్కన, పట్టపగలు, చేతిలో చాటతో. ఎట్లా పడ్డావమ్మా అంటే, "కండ్లు తిరిగినయ్" అంది. అప్పటి నుంచి ఎముకకు ఒక మందు, కళ్ళు తిరిగే జబ్బుకు ఇంకో మందు నడుస్తున్నాయి.

మొన్న నేను దవాఖానాకు వెళ్తే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నన్ను నా ఇంటికే తీస్కపో బిడ్డా. ఎర్రుపాలెం పోతే గాడనే ఉండిపోత. నా బిడ్డ మంచిదే, గని గది నా ఇల్లు కాదు," అంది. తీసుకుపోతానని మాటిచ్చాను. మాటంటే మాటే. ఆమె కాలు పెట్టేలా నేల ఉండాలి, లేదంటే ఆ సంచి ఎర్రుపాలెం బస్సెక్కుతుంది. నేనిచ్చిన మాట కూడా దానితోపాటే పోతుంది.

మామయ్య లేచాడు. మూలనున్న ఇనుప రాడ్డు తీసి టైళ్ళ మీద కొట్టుకుంటూ గదంతా తిరిగాడు. బాయిలో పైకప్పును అట్లా కొట్టి చూస్తారట. గట్టిగా మోగితే మంచిది, బొదబొదమంటే ఊడి పడుతుందని గుర్తు.

"ఇన్నవా? ఇగో, ఇన్నవా? ఖంగుమంటున్నది. పొద్దున్న గిట్ల లేకుండె. గంట పనికే నిండింది. సుజనా, నువ్వు ఆ సంచి పక్కన పెట్టు. మీయమ్మ దీని మీద గంతులేసినా ఏం గాదు!"

ఆ మాట నోట్లో ఉండగానే బీరువా కదిలింది.

పెద్దగా చప్పుడేం కాలేదు. ముందు కాలి కింది టైలు మెల్లగా దిగింది. బీరువా మా వైపు ఒరిగి, తలుపు దానంతటదే తెరుచుకుంది. నేనూ మామయ్యా ఒక్క ఉదుటున వెళ్ళి దాన్ని భుజాలతో ఆపాం. సుజన వదిన కెవ్వుమని అరుస్తూనే పీట తెచ్చి కాలి కింద తోసింది. అరవడమూ సాయమూ ఒకేసారి చెయ్యగలదు, అందుకు ఆమెను మెచ్చుకోవాలి.

దిగిన టైలు అంచుల్లోంచి నీళ్ళు పైకి ఉబికాయి. నేను వంగి వేలితో అద్దుకుని చూశాను. వాగు నీళ్ళు ఎర్రగా ఉంటాయి. ఇవి తెల్లగా, పిండి కలిపినట్టున్నాయి.

"ఇది వాగు మట్టి కాదు మామా. బూడిద."

మామయ్య కాలి బొటనవేలితో ఆ తడిని తుడిచాడు.

"నేల కింద బూడిదున్నదా?"

"ఈ లైన్ల అందరి ఇండ్ల కిందా గదే ఉన్నది," అన్నాడు చివరికి గోడ వైపు చూస్తూ. "ఇండ్లు కట్టేటప్పుడు ఫ్యాక్టరీల బాయిలర్ బూడిద ట్రాక్టర్లల్ల తెచ్చి ఊరికే పోసి పోయేటోళ్ళు. అందరం నింపుకున్నం."

"అందరి నేలలు దిగలే గదా?"

"వాళ్ళు దిమ్మిస గొట్టి గట్టిగ చేసిండ్రు. పైన మొరం మట్టి ఏసిండ్రు." ఇసుక చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "నేను నీళ్ళు పెట్టి దింపిన. బాయి లెక్క."

అప్పుడు అర్థమైంది నాకు. ఇప్పుడు పైపు పెట్టడం కొత్త కాదు. ఇల్లు కట్టినప్పుడే ఈ మహానుభావుడు పునాదిలో బూడిద పోసి, పైపు పెట్టి, నీళ్ళతో దింపి, నిండిందని మీద టైల్స్ వేయించాడు. వాగు నీళ్ళు వచ్చి ఆ బూడిదను ఎటు వీలైతే అటు లాక్కుపోయాయి.

నేను ఫోను తీశాను.

"ఎవలికి?" అన్నాడు మామయ్య. ఆయనకు తెలుసు ఎవరికో.

"మహబూబ్ అలీ మేస్త్రీకి."

"ఆయన నా గడప తొక్కడు."

"తొక్కుతడో లేదో ఆయన చెప్తడు. నువ్వెందుకు చెప్పుడు?"

మహబూబ్ అలీ మా ఇంటికి టైల్స్ వేసిన మేస్త్రీ. ఆయన, మామయ్య ఒకప్పుడు ఒకే సైకిలు మీద తిరిగిన దోస్తులు. నేల పరిచే రోజు ఏదో మాటా మాటా వచ్చింది. గృహప్రవేశానికి ఆయన రాలేదు. ఆ తర్వాత రోడ్డు మీద ఎదురుపడితే ఒకరు దుకాణం బోర్డు చదివేవారు, ఇంకొకరు చెప్పు సరిచేసుకునేవారు. వాళ్ళ ఆడవాళ్ళకు మాత్రం ఈ గొడవ అంటలేదు. రంజానుకు ఆయన భార్య షరీఫాబీ పంపే సేమ్యా మా ఇంటికి వచ్చేది, మా ఇంటి మామిడికాయ తొక్కు వాళ్ళింటికి పోయేది. ఇద్దరు మగవాళ్ళూ రెండూ తినేవారు. ఎక్కడివని అడిగేవారు కాదు.

ఫోను ఎత్తగానే విషయం చెప్పాను. ఆయన అంతా విని, "చెల్లె ఎప్పుడొస్తది?" అన్నాడు. అత్తమ్మను ఆయన పిలిచేది అట్లాగే.

"సాయంత్రం."

"వస్తున్న," అని పెట్టేశాడు.

స్కూటరు మా గేటు ముందు ఆగేసరికి మామయ్య వరండాలో కుర్చీ వేసుకుని వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. మహబూబ్ అలీ పనిముట్ల సంచి భుజాన వేసుకుని, మెట్ల దగ్గర చెప్పులు విడిచి, ఆ కుర్చీని చుట్టుకుని లోపలికి వచ్చాడు. ఒకరినొకరు చూసుకోలేదు. గడప మాత్రం తొక్కాడు. నేను మామయ్య వైపు చూసి కళ్ళెగరేశాను. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మేస్త్రీ గదిలో మోకాళ్ళ మీద కూర్చుని కంతలోకి చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పోయింది. బయటికి తీసేసరికి చెయ్యంతా బూడిద రొచ్చు.

"బిడ్డా, మీ మామకు చెప్పు, మొత్తం తియ్యాలె. పైపైన అతుకులేస్తే పనికిరాదు," అన్నాడు.

మామయ్య కుర్చీలోంచే అరిచాడు. "అరుణా, ఆయనకు చెప్పు, పగిలిన కాడ తీస్తే చాలు. మంచి టైల్స్ పగలగొట్టుడు నాకు ఇష్టం లేదు."

"మీ మామకు చెప్పు, టైల్స్ మంచియే. కింద మన్ను లేదు. గాలి మీద టైల్స్ నిలుస్తయా అని అడుగు."

"ఆయనకు చెప్పు—"

"నేనేమన్న మైకునా?" అని ఇద్దరి మీదా కలిపి అరిచాను. "ఈయన వరండాల ఉన్నడు, ఆయన గదిల ఉన్నడు. మధ్యల ఒక్క గోడ. ఇద్దరికీ చెవులు మంచిగనే ఉన్నయ్. ఎవల మాట వాళ్ళే చెప్పుకోండ్రి!"

 సుజన వదిన ముసిముసిగా నవ్వింది.

మహబూబ్ అలీ చెయ్యి కడుక్కుని హాల్లోకి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈసారి గొంతు తగ్గించాడు. నాకు చెబుతున్నట్టే ఉంది గానీ మాటలు వరండా వైపు పోతున్నాయి.

"ఆ రోజు నేను చెప్పిన బిడ్డా. నీళ్ళు పెట్టి దింపిన బూడిద మళ్ళ నీళ్ళొస్తే నిలువదు, దిమ్మిస గొట్టు, మొరం ఎయ్యి అని చెప్పిన. 'టైల్స్ పరిచెటోనివి పరిచి పో, నింపుడు నాకు నేర్పకు' అన్నడు. పది మందిల అన్నడు. నాకు రోషమొచ్చింది. నేనేం జేసిన? లెవెల్ చూసి, సిమెంటు పెట్టి, మంచిగ పరిచి పోయిన. దిగుతదని తెల్సి పరిచిన. చేతులు అడ్డం పెట్టి, 'నేను పరవ, పో' అనాల్సింది. అనలే. చెల్లె పడ్డదని షరీఫా చెప్పినప్పుడు అన్నం దిగలే నాకు."

వరండాలో కుర్చీ కిర్రుమంది. మామయ్య లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"మీ అత్త పడ్డది కండ్లు తిరిగి. దానికీ నేలకూ సంబంధం లేదు," అన్నాడు.

ఆ మాట ఎవరూ అడగకుండానే అన్నాడు. ఎందుకో నాకు అప్పుడే కాస్త తేడాగా అనిపించింది. కానీ ఆలోచించే టైము లేదు. మేస్త్రీ సంచిలోంచి చిన్న గడ్డపార బయటికి తీసి పెట్టాడు. నేను తీసుకున్నాను.

"వదినా, మంచం వరండాల వేద్దాం పట్టు. మేస్త్రీ, ఎక్కడి నుంచి మొదలు పెడదాం?"

"ఆగు!" మామయ్య అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఇది నా ఇల్లు. నేను కట్టిన. నా రెక్కలు అరగదీసి కట్టిన. నీళ్ళొచ్చినా గోడ కూలలే. నువ్వు దీన్ని పలుగు పెట్టి పొడుస్తవా?"

 నాకు జాలి వేసింది, అబద్ధం చెప్పను.  కానీ ఆ జాలితోనే ఊరుకుంటే అత్తమ్మ ఏ నేల మీద నడవాలి?

"నీ ఇల్లే మామా. ఎవలు గాదన్నరు? గోడలు నువ్వే కట్టినవ్, నేల కూడ నువ్వే మంచిగ చేస్తవ్. గని అత్తమ్మ దీని మీద వాకరు పెట్టి నడవాలె. ఆమె బరువు, వాకరు బరువు గీ టైలు మోస్తదని నువ్వు ఒట్టు పెట్టి చెప్తవా? చెప్పు, నేను పలుగు కింద పెడత."

ఆయన దిగిన టైలునూ బీరువా కాలి కింది పీటనూ చూశాడు. 

"జరుగు మామా," అన్నాను. బస్సులో ఎట్లా అంటానో అట్లాగే అన్నాను.

జరిగాడు.

మొదటి టైలు నేనే లేపాను. పలుగు మొన అంచులో దూర్చి కాలితో తొక్కితే ఏ బాధా లేకుండా ఊడి వచ్చింది. కింద సిమెంటు పెళ్ళ పగిలి పడింది. ఆ కింద ఏమీ లేదు. చీకటి, తడి వాసన, అడుగున ఇంత బూడిద రొచ్చు. ఇన్నాళ్ళూ దీని మీదే మంచాలు వేసుకుని నిద్రపోయాం.

మహబూబ్ అలీ, నేను వరసగా లేపుకుంటూ పోయాం. పగలనివన్నీ కడిగి గోడకు చేర్చింది సుజన వదిన. కోపంగానే చేసింది గానీ ఒక్కటీ పగలనివ్వలేదు. మధ్యమధ్య మేస్త్రీ చెబుతున్నాడు. బూడిద మొత్తం ఎత్తి పోయాలి. తడి ఆరాలి. మొరం పోసి పొర పొరకూ దిమ్మిస కొట్టాలి. ఆ తర్వాతే టైల్స్.

"ఎన్ని రోజులు పడుతుంది?" అంది వదిన.

"ఎండ కొడితే జల్దీ అయితది. వాన పడితే అల్లా మాలిక్."

"అయితే అమ్మ ఎర్రుపాలెమే!" అని వదిన సంచి జిప్పు లాగింది. "ఈ గుంటల్లోకి తీసుకొస్తారా? అరుణా, నువ్వే చెప్పు. కోపం కాదు, నిజంగా అడుగుతున్నా."

 ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేల బాగు చెయ్యగలనని నాకు ధైర్యం ఉంది. వారంలోనో, పదిహేను రోజుల్లోనో, వానదేవుడు పక్కకు తప్పుకుంటే ఈ ఇంటికి ఏనుగు నడిచినా దిగని నేల వేయిస్తాను. సాయంత్రానికి మాత్రం కాదు. అత్తమ్మకు మాటిచ్చింది సాయంత్రానికి.

ఏం తోచక పనిలో పడ్డాను. హాల్లో కిటికీ వైపు జరిగాను.

అక్కడ అత్తమ్మ పడిన చోటు. వంగి పలుగు పెట్టబోయి ఆగాను. అన్ని టైళ్ళ సందులూ వాగు బురదతో మరకలు పడి ఉన్నాయి. ఈ ఒక్క టైలు చుట్టూ సందు తెల్లగా, కొత్తగా మెరుస్తోంది. తెల్ల సిమెంటు. గోరుతో గీకితే పొడి రాలింది. వరద తర్వాత పెట్టింది. వరద తర్వాత ఈ ఇంట్లోకి మేస్త్రీ ఎవరూ రాలేదు.

పలుగు దూర్చి లేపాను. కింద గుంత. ఇల్లంతా లేపిన వాటిలో ఇదే పెద్దది. గుంతలో చిన్న చిన్న ఇటుక ముక్కలు కుక్కి, వాటి మీద టైలును తిరిగి కూర్చోబెట్టి, చుట్టూ సందు మూసేశారు.

నేను లేచి నిలబడ్డాను.

"మామా, ఇక్కడ తెల్ల సిమెంటు ఎప్పుడు పెట్టినవ్?"

ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. 

సుజన వదిన వచ్చి గుంతలోకి చూసింది. నా మొహం చూసింది. తండ్రి మొహం చూసింది. ఆమె చేతిలో సంచి కిందికి జారింది.

"నాయినా, అమ్మకు కళ్ళు తిరగలేదా?"

మహబూబ్ అలీ తల వంచుకుని నేల వైపు చూస్తున్నాడు.  నాకు దవాఖానాలో మామయ్య డాక్టరు వెంట పడి, "కండ్లు తిరుగుడు తగ్గేటందుకు ఇంకేమన్న గోలీలున్నయా సార్" అని అడగడం కళ్ళ ముందు కదిలింది. ఎంత శ్రద్ధగా అడిగేవాడు! పక్కనే మంచం మీద అత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది.

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది.

"అరుణా! దవాఖానాల బిల్లు కట్టేటందుకు లేటయితదనుకుంటే జల్దీనే పంపిచ్చిండ్రు," అంటూ వీరేందర్ దిగాడు. గోడకు పేర్చిన టైళ్ళను, వరండాలో మంచాన్ని, బూడిదలో మునిగిన మా చేతులను చూసి అక్కడే ఆగిపోయాడు.

అత్తమ్మ ఆటోలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. చిక్కిపోయింది. కళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. తలుపులోంచి హాలు మొత్తం కనిపిస్తోంది. కిటికీ కింద తెరిచిన గుంత దగ్గర ఆమె చూపు ఆగింది. అక్కడి నుంచి మామయ్య మీదికి వచ్చింది.

వదిన పరుగున వెళ్ళి ఆటో పక్కన నిలబడింది. "అమ్మా, నువ్వు ఎట్లా పడ్డావు?"

 అత్తమ్మ వాకరు మీద చెయ్యి ఆన్చుకుంది.

"నేల దిగింది. అడుగేస్తే కాలు లోపటికి పోయింది," అంది మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

"మరి కళ్ళు తిరిగాయన్నావు!"

"ఆయన కట్టిన ఇల్లు. ఈ లైనంత తిరిగి చెప్పుకున్న ఇల్లు. నేల దిగి నా తుంటి విరిగిందంటే ఆయన మొఖం ఎట్లుంటదో నాకు తెల్వదా? అందుకే చెప్పలే." మామయ్య వైపు తిరిగింది. "గని నువ్వు చూసినవ్. నన్ను లేపినోనివి నువ్వే. నా కాలు ఆ గుంతల నుంచి తీసినోనివి నువ్వే. నువ్వే చెప్తవని చూసిన. నీ అంతట నువ్వు డాక్టరుకు చెప్తవని, కొడుక్కు చెప్తవని చూసిన. దవాఖానాల రోజూ వస్తివి, పండ్లు తెస్తివి, గోలీలు అడిగితివి. లేని రోగానికి గోలీలు మింగిన నేను. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని మింగిన."

వీరేందర్ తండ్రి వైపు చూస్తున్నాడు. ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బూడిద చేతులు, తుడుచుకోవడానికి కూడా లేదు.

"అమ్మా, పద. మా ఇంటికి పోదాం," అంది వదిన ఏడుస్తూ.

"నేను ఎర్రుపాలెం రాను బిడ్డా. ఈడ ఉండుటందుకు నేల లేదు." అత్తమ్మ నా వైపు చూసింది. "అరుణా, నువ్వు మాట తప్పలే. నేల తీసినవ్ సూడు, గదే నాకు కావాలె. మంచిగ చేయించు. గట్టిగైనంక నా కాళ్ళ మీద నేను నడిచి వస్త." తర్వాత మేస్త్రీని పిలిచింది. "మహబూబన్నా, షరీఫా నిన్న దవాఖానాకొచ్చి, మెరక మీదున్నది మా ఇల్లు, మా ముందటి అర్ర ఖాళీనే, రమ్మన్నది. ఇంక ఆ మాట మీదనే ఉన్నరా?"

మహబూబ్ అలీ కండువాతో కళ్ళొత్తుకున్నాడు. "మంచం కూడ ఏసి పెట్టింది చెల్లె. నువ్వు రావని నేనే అన్న."

"వస్తున్న."

మామయ్య ఒక్కసారిగా కదిలాడు. మెట్లు దిగాడు. పాదాలు చీలమండల దాకా తెల్లగా బూడిదే. ఆటో పక్కకు వచ్చి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. దోస్తు ఇంటికి పెళ్ళాం పోతోంది. ఆ గుమ్మం ఆయన తొక్కక ఎన్నేళ్ళయిందో ఇక్కడున్న అందరికీ తెలుసు.

"అనంతా," అన్నాడు.

మా అందరి ముందు ఆయన ఆమెను పేరుపెట్టి పిలవగా నేను వినడం అదే మొదలు.

"అవ్. నాకు తెల్సు. నేల దిగే పడ్డవని నాకు తెల్సు."

అత్తమ్మ డ్రైవరు భుజం తట్టి ఇంజను ఆపమంది.  ఆమె మామయ్య మొహంలోకి సూటిగా చూసింది.

"తెల్సి ఏం జేసినవ్?"